తాండూరు తీర్పు నుంచి ఢిల్లీ ఒప్పందం దాకా.. మర్రి చెన్నారెడ్డి ప్రస్థానం

వికారాబాద్: 1969 జూన్ నెల. తెలంగాణ జిల్లాల్లో పాఠశాలలు తెరుచుకోలేదు. కళాశాలల్లో పరీక్షలు జరగలేదు. ఆ నెల 10వ తేదీ నుంచి ప్రభుత్వ కార్యాలయాల్లో గుమస్తాలు సైతం కలం కింద పెట్టారు. ముఖ్యమంత్రి కాసు బ్రహ్మానందరెడ్డి గద్దె దిగనన్నారు, ఉద్యమకారులు వెనక్కి తగ్గమన్నారు. రాష్ట్ర పాలన స్తంభించిపోయిన ఆ ఘడియలో ఉద్యమ పగ్గాలు చేతబట్టి నిలిచిన నాయకుడు, అప్పటికి ఏడాది క్రితమే తాండూరు ఎన్నిక రద్దయి, కేంద్ర మంత్రి పదవి పోగొట్టుకుని, ఆరేళ్ల పాటు ఎన్నికల్లో నిలిచే అర్హతను కూడా కోల్పోయిన మర్రి చెన్నారెడ్డి. ఆయన ఉద్యమాన్ని నిలబెట్టారా, లేక ఉద్యమమే ఆయనను నిలబెట్టిందా అన్న వాదన ఆయన కన్నుమూసి ఇన్నేళ్లయినా తెగలేదు.

సిరిపురం నుంచి శాసనసభకు

చెన్నారెడ్డి 1919 జనవరి 13న జన్మించారు. స్వగ్రామం నేటి వికారాబాద్ జిల్లా మర్పల్లి మండలంలోని సిరిపురం. హైదరాబాద్‌లో వైద్యవిద్య అభ్యసించి 1941లో పట్టా పుచ్చుకున్నారు. నాడిపట్టే వృత్తి కంటే సభలు, సంఘాలు ఆయనను ఎక్కువగా ఆకర్షించాయి. విద్యార్థి, యువజన సంఘాల నిర్మాణంతో మొదలైన ప్రజాజీవితం నిజాం వ్యతిరేక ఉద్యమం మీదుగా కాంగ్రెస్‌లో స్థిరపడింది. మేనమామ కొండా వెంకట రంగారెడ్డి అప్పటికే ఆ ప్రాంతంలో పేరెన్నికగన్న న్యాయవాది, కాంగ్రెస్ పెద్ద. రాజకీయ మెలకువలు మేనల్లుడికి ఇంటి నుంచే అబ్బాయంటే అతిశయోక్తి కాదు.

1952లో జరిగిన తొలి సార్వత్రిక ఎన్నికల్లో వికారాబాద్ నుంచి హైదరాబాద్ రాష్ట్ర శాసనసభకు ఎన్నికయ్యారు. బూర్గుల రామకృష్ణారావు మంత్రివర్గంలో వ్యవసాయం, ఆహార సరఫరా శాఖలు లభించాయి. అప్పటికి ఆయన వయసు 33 ఏళ్లు. అదే సంవత్సరం సెప్టెంబరులో స్థానికేతరుల నియామకాలకు వ్యతిరేకంగా ముల్కీ ఆందోళన చెలరేగి, హైదరాబాద్ సిటీ కళాశాల వద్ద పోలీసు కాల్పులు జరిగి యువకులు నేలకొరిగారు. ఆనాడు చెన్నారెడ్డి కాల్పులు జరిపిన ప్రభుత్వంలో మంత్రి. పదిహేడేళ్ల తరువాత అదే ముల్కీ సమస్యపై ప్రభుత్వానికి ఎదురు నిలిచిన సమితికి అధ్యక్షుడు. ఈ రెంటికీ నడుమ దూరాన్ని ఆయన ప్రత్యర్థులు ఏనాడూ మరచిపోలేదు.

1955లో ఫజల్ అలీ సంఘం హైదరాబాద్ రాష్ట్రాన్ని కొంతకాలం విడిగానే ఉంచాలని సిఫార్సు చేసింది. రంగారెడ్డి, చెన్నారెడ్డి మొదట ఆ పక్షమే వహించారు. 1956 ఫిబ్రవరి 20న ఢిల్లీలో కుదిరిన పెద్దమనుషుల ఒప్పందంపై తెలంగాణ తరఫున సంతకం చేసిన నలుగురిలో ఈ మామా అల్లుళ్లిద్దరూ ఉన్నారు. మిగిలిన ఇద్దరు బూర్గుల, జె.వి.నర్సింగరావు. గట్టిగా ఎదిరించడం, అదను చూసి ఒప్పందానికి రావడం, ఒప్పందం అమలు కానప్పుడు మళ్లీ ఎదిరించడం అన్న వరుస అక్కడ మొదలైంది. ఒప్పందం ప్రకారం తెలంగాణ వారికి దక్కవలసిన ఉప ముఖ్యమంత్రి పదవిని తొలి మంత్రివర్గంలో నీలం సంజీవరెడ్డి భర్తీ చేయనే లేదు. ఒప్పందాల విలువ ఎంతో చెన్నారెడ్డికి ఆనాడే తెలిసి ఉండాలి.

తాండూరు పీటముడి

1957లో మళ్లీ వికారాబాద్ నుంచి గెలిచిన చెన్నారెడ్డి 1962 నాటికి తాండూరుకు మారారు. నాపరాళ్ల గనులు, కంది చేలు, కర్ణాటక సరిహద్దు వ్యాపారంతో తెలుగు, ఉర్దూ, కన్నడ మాటలు కలగలిసి వినిపించే పట్టణం అది. 1962, 1967 ఎన్నికల్లో అక్కడ ఆయనే విజేత. ఈ మధ్య కాలంలో రాష్ట్ర మంత్రివర్గంలో ఆర్థిక శాఖ సహా ముఖ్యమైన శాఖలు నిర్వహించారు. ముఖ్యమంత్రి బ్రహ్మానందరెడ్డికి సహచరుడిగా ఉంటూనే ఆయన కుర్చీకి పోటీదారుగా పేరుపడ్డారు. 1967 మార్చిలో ఇందిరాగాంధీ ఆయనను ఢిల్లీకి పిలిపించి ఉక్కు, గనుల శాఖ అప్పగించారు. రాష్ట్రంలో బలమైన పోటీదారు ఢిల్లీకి తరలిపోతే ముఖ్యమంత్రికి ఊరటే కదా.

అయితే 1967 తాండూరు ఎన్నికలో ఆయన ప్రత్యర్థి సామాన్యుడు కాదు. నిజాం జైలులో దెబ్బలు తింటూ వందేమాతరం అన్నందుకు ఆ మాటే ఇంటిపేరుగా మారిన వందేమాతరం రామచంద్రరావు. ఓడిన ఆయన ఊరుకోకుండా హైకోర్టు తలుపు తట్టారు. ఎన్నికల చట్టం నిషేధించిన అక్రమ పద్ధతులు రుజువయ్యాయని 1968 ఏప్రిల్‌లో హైకోర్టు ఆ ఎన్నికను కొట్టివేసింది. చెన్నారెడ్డి కేంద్ర మంత్రి పదవికి రాజీనామా సమర్పించారు. డిసెంబరులో సుప్రీంకోర్టు కూడా ఆ తీర్పునే ఖాయం చేసింది. యాభై ఏళ్లయినా నిండని నాయకుడికి శాసనసభ, పార్లమెంటు రెండింటి ద్వారాలూ ఒక్కసారే మూసుకుపోయాయి.

సుప్రీంకోర్టు తీర్పు వెలువడిన మూడు వారాలకే, 1969 జనవరి 8న ఖమ్మంలో రవీంద్రనాథ్ అనే విద్యార్థి తెలంగాణ రక్షణల అమలు కోరుతూ నిరాహారదీక్షకు కూర్చున్నాడు. అప్పటికే పాల్వంచ విద్యుత్ కేంద్రంలో స్థానికుల ఉద్యోగాల సమస్య రగులుతోంది. ఈ ఉద్యమాన్ని రాజేసిన వారిలో చెన్నారెడ్డి లేరు. విద్యార్థులు, నిరుద్యోగులు, గుమస్తాలు రాజేసిన మంట అది.

తాళాలు పడిన కార్యాలయాలు

జనవరి 19న అఖిలపక్ష ఒప్పందం, 21న 36వ నంబరు ప్రభుత్వ ఉత్తర్వు వెలువడ్డాయి. తెలంగాణ వారికి కేటాయించిన ఉద్యోగాల్లో ఉన్న స్థానికేతరులను ఫిబ్రవరి 28లోగా వెనక్కి పంపాలన్నది ఉత్తర్వు సారాంశం. అది అమలుకు నోచుకోకముందే న్యాయస్థానాల్లో చిక్కుకుంది. మార్చి 28న సుప్రీంకోర్టు తెలంగాణలో ఉద్యోగాలకు నివాస అర్హతను విధించిన చట్ట నిబంధన చెల్లదని తీర్పు చెప్పింది. రక్షణల కోసం మొదలైన ఉద్యమం అప్పటి నుంచి ప్రత్యేక రాష్ట్రం తప్ప వేరు మందు లేదన్న స్థితికి చేరింది. ఏప్రిల్ 11న ప్రధాని ప్రకటించిన ఎనిమిది సూత్రాల పథకం ఆ స్థితిలో ఎవరి చెవికీ ఎక్కలేదు. మే 1న హైదరాబాద్‌లో ఊరేగింపుపై కాల్పులు జరిగి మరిన్ని ప్రాణాలు పోయాయి. ఉద్యమకారుల లెక్క ప్రకారం ఆ పోరాటంలో అసువులు బాసిన వారు 369 మంది.

కాంగ్రెస్‌లోనే ఉండి ప్రభుత్వాన్ని ఇరుకున పెడుతూ వచ్చిన చెన్నారెడ్డి మే 22న తెలంగాణ ప్రజాసమితి అధ్యక్ష స్థానంలో కూర్చున్నారు. న్యాయవాది మదన్‌మోహన్ ప్రభృతులు కొద్ది నెలల ముందు నెలకొల్పిన సంస్థ అది. అనుభవజ్ఞుడైన నాయకుడు దొరికాడని సంతోషించిన వారున్నారు. రాజకీయ నాయకుల పెత్తనం వచ్చిపడిందని విద్యార్థుల్లో ఒక వర్గం మండిపడింది. శ్రీధర్‌రెడ్డి వర్గం పోటీ ప్రజాసమితి పెట్టుకున్నదంటే ఆ అపనమ్మకం ఎంత లోతుగా పాతుకుందో తెలుస్తుంది.

జూన్ 4న ఇందిరాగాంధీ హైదరాబాద్ వచ్చి ఇరుపక్షాలతో మాట్లాడి వెళ్లారు. ఫలితం లేదు. 10వ తేదీ నుంచి కె.ఆర్.ఆమోస్ నాయకత్వంలోని తెలంగాణ ఎన్జీవోల సంఘం సమ్మెకు దిగింది. సచివాలయం మొదలు తాలూకా కచేరీ దాకా కాగితం కదలడం గగనమైంది. జిల్లాల్లో నెలకు ఒకసారి చేతికందే జీతమే ఆధారమైన చిన్న ఉద్యోగి ఆ సమ్మెలో పణంగా పెట్టింది తన ఇంటి పొయ్యిని. సంఘం అధ్యక్షుడు ఆమోస్‌ను ప్రభుత్వం ఉద్యోగం నుంచే తొలగించింది. విద్యార్థులు పోగొట్టుకున్నది ఒక విద్యాసంవత్సరం. నాయకులు పోగొట్టుకున్నదేమిటని అడిగితే జవాబు అంత తేలిక కాదు. జూన్ చివరి వారంలో చెన్నారెడ్డిని, మరికొందరు నాయకులను ముందస్తు నిర్బంధ చట్టం కింద అరెస్టు చేసి రాజమండ్రి జైలుకు తరలించారు. పదవి కోసమే వచ్చాడన్న నిందను ఆ జైలు గోడలు కొంతకాలం మరుగుపరిచాయి.

ముఖ్యమంత్రి నిలిచిందెట్లా

ఇంతటి స్తంభన నడుమ బ్రహ్మానందరెడ్డి మరో రెండేళ్లు పదవిలో ఎలా కొనసాగారన్నది నేటి పాఠకుడికి వింతగా తోచవచ్చు. జూన్ 27న ఆయన రాజీనామా పత్రాన్ని కాంగ్రెస్ అధ్యక్షుడు నిజలింగప్పకు సమర్పించిన మాట నిజమే. పార్టీ అధిష్ఠానం కొనసాగమన్నది. కారణం హైదరాబాద్ వీధుల్లో కాక ఢిల్లీలో ఉంది. ఆ ఎండాకాలమే కాంగ్రెస్ నిలువునా చీలడానికి సిద్ధమవుతోంది. రాష్ట్రపతి పదవికి పార్టీ అధికారిక అభ్యర్థిగా నీలం సంజీవరెడ్డి నిలబడగా, ఇందిరాగాంధీ మొగ్గు వి.వి.గిరి వైపు సాగింది. ఆగస్టులో గిరి గెలిచారు. నవంబరులో పార్టీ రెండుగా చీలింది. అటువంటి వేళ పెద్ద రాష్ట్రపు ముఖ్యమంత్రిని కదిలించి కోరి శత్రువును చేసుకునేందుకు ఏ వర్గమూ సాహసించలేదు. బ్రహ్మానందరెడ్డి చివరకు ఇందిర పక్షానే నిలిచారు.

తెలంగాణ కాంగ్రెస్ నాయకులలోనూ ఎవరి లెక్క వారిదే. కొండా లక్ష్మణ్ బాపూజీ మంత్రి పదవిని వదులుకుని ఉద్యమంలో కలిశారు. జె.వి.నర్సింగరావు అదే సంవత్సరం ఉప ముఖ్యమంత్రి అయ్యారు. మరికొందరు మంత్రులు పదవుల్లోనే ఉండి లోపల ఒకమాట, బయట ఒకమాట చెప్పారు. కార్యాలయాల తాళాలు తెరిపించడం కంటే ఆ తాళాలను చూపి ప్రత్యర్థిని దించడమే ముఖ్యమైన రోజులవి. అందుకు ఏ ఒక్కరినో వేలెత్తి చూపడం న్యాయం కాదు.

ఏడాది చివరికి జనం అలసిపోయారు. తరగతులకు తిరిగి వెళ్లాలా వద్దా అన్నదానిపై విద్యార్థి నాయకుల్లో భేదాభిప్రాయాలు పొడసూపాయి. సమ్మె చేసిన ఉద్యోగులు బల్లల ముందుకు చేరారు. అయినా ప్రజల మనసు మారలేదని 1970లో సిద్దిపేట ఉప ఎన్నిక నిరూపించింది. అక్కడ ప్రజాసమితి అభ్యర్థి మదన్‌మోహన్ గెలుపొందారు.

పది స్థానాలు, ఒక విలీనం

1971 మార్చి లోక్‌సభ ఎన్నికల్లో దేశమంతటా ఇందిరాగాంధీ గాలి వీచింది. తెలంగాణలో మాత్రం 14 స్థానాలకు 10 ప్రజాసమితి వశమయ్యాయి. హైదరాబాద్‌లో మేల్కోటే, కరీంనగర్‌లో సత్యనారాయణరావు, మెదక్‌లో విద్యార్థి నాయకుడు మల్లికార్జున్, వరంగల్‌లో కార్మిక నాయకుడు ఎస్.బి.గిరి గెలిచిన వారిలో ఉన్నారు. గెలిపించిన అధ్యక్షుడు చెన్నారెడ్డి మాత్రం బరిలో లేరు. తాండూరు తీర్పు విధించిన అనర్హత ఇంకా తీరలేదు.

పదిమంది సభ్యులున్నా ఢిల్లీలో ఆ బలం చెల్లే పరిస్థితి లేదు. ఇందిరాగాంధీకి సొంతంగానే మూడింట రెండు వంతుల మెజారిటీ వచ్చింది. ఎవరి మద్దతూ ఆమెకు అవసరం లేకపోయింది. తూర్పు బెంగాల్ శరణార్థులతో సరిహద్దు కిక్కిరిసిన ఆ సంవత్సరంలో కొత్త రాష్ట్రం మాట ఎత్తే తీరికా ఢిల్లీకి లేదు. చెన్నారెడ్డి పక్షాన చెప్పదగిన వాదన ఇదొక్కటే. అయితే అది తీసిపారేయదగిన వాదన కాదు.

సెప్టెంబరులో ఒప్పందం కుదిరింది. ముల్కీ నిబంధనల కొనసాగింపు, తెలంగాణకు ప్రత్యేక బడ్జెట్, ప్రత్యేక కాంగ్రెస్ కమిటీ, అన్నింటికీ మించి ముఖ్యమంత్రి మార్పు. ప్రజాసమితి కాంగ్రెస్‌లో విలీనమైంది. బ్రహ్మానందరెడ్డి తప్పుకోగా 1971 సెప్టెంబరు 30న పి.వి.నరసింహారావు ప్రమాణ స్వీకారం చేశారు. ఆంధ్రప్రదేశ్‌కు తెలంగాణ నుంచి తొలి ముఖ్యమంత్రి ఆయనే. రెండేళ్ల పాటు ప్రత్యేక రాష్ట్రం తప్ప వేరొకటి వద్దన్న సమితి, ఒక ముఖ్యమంత్రి స్థానంలో మరొక ముఖ్యమంత్రిని పొంది తృప్తి చెందినట్లయింది. కాల్పుల్లో బిడ్డలను పోగొట్టుకున్న కుటుంబాలకు ఈ లెక్క ఎవరూ అప్పజెప్పలేదు.

విలీనానికి అంగీకరించని వారు సంపూర్ణ తెలంగాణ ప్రజాసమితి పేరుతో 1972 శాసనసభ ఎన్నికల్లో పోటీ చేశారు. జనం ఆదరించలేదు. కాంగ్రెస్ ఘన విజయం సాధించింది. చెన్నారెడ్డిని ద్రోహి అన్న నోళ్లే కాంగ్రెస్‌కు ఓటు వేసిన చేతులకు కూడా యజమానులని ఈ ఫలితం చెప్పకనే చెబుతుంది.

సాధించిన రక్షణలైనా నిలిచాయా అంటే అదీ లేదు. 1972 అక్టోబరు 3న ముల్కీ నిబంధనలు చెల్లుతాయని సుప్రీంకోర్టు ప్రకటించగానే కోస్తా, రాయలసీమల్లో జై ఆంధ్ర ఉద్యమం భగ్గుమంది. మూడేళ్ల క్రితం తెలంగాణ కార్యాలయాలకు పడిన తాళాలు ఈసారి అటువైపు కార్యాలయాలకు పడ్డాయి. అక్కడి కాంగ్రెస్ మంత్రులు సొంత ముఖ్యమంత్రి పి.వి.పైనే తిరగబడ్డారు. 1973 జనవరిలో రాష్ట్రపతి పాలన వచ్చింది. ఆ సంవత్సరం సెప్టెంబరు 21న వెలువడిన ఆరు సూత్రాల పథకంతో ముల్కీ నిబంధనలు చరిత్రలో కలిశాయి. విలీనానికి ప్రతిఫలంగా చూపినది పూర్తిగా రెండేళ్లు కూడా నిలవలేదు.

తన దాకా వచ్చిన అసమ్మతి

1974 అక్టోబరులో ఇందిరాగాంధీ ప్రభుత్వం చెన్నారెడ్డిని ఉత్తరప్రదేశ్ గవర్నర్‌గా పంపింది. అత్యవసర పరిస్థితి రోజులన్నీ ఆయన లక్నో రాజ్‌భవన్‌లో గడిపారు. 1977లో ఇందిర ఓడిపోయారు. కాంగ్రెస్ జాతీయ అధ్యక్ష పదవి బ్రహ్మానందరెడ్డిని వరించింది. 1978 జనవరిలో ఇందిర వేరు కుంపటి పెట్టుకోగా, రాష్ట్రంలో ముఖ్యమంత్రి జలగం వెంగళరావు సహా అధికారంలో ఉన్న పెద్దలంతా బ్రహ్మానందరెడ్డి పక్షాన ఉండిపోయారు. ఓడిన నాయకురాలి పక్షాన నిలిచి, చేతిలో ప్రభుత్వం లేకుండా ఎన్నికలకు వెళ్లిన వ్యక్తి చెన్నారెడ్డి. ఆయనను అవకాశవాది అనేవారు ఈ ఘట్టం దగ్గర కొంత తడబడక తప్పదు. ఫిబ్రవరి ఎన్నికల్లో 294 స్థానాలకు ఇందిరా కాంగ్రెస్ 175 గెలిచింది, రెడ్డి కాంగ్రెస్ 30కే పరిమితమైంది. మార్చి 6న చెన్నారెడ్డి ముఖ్యమంత్రి అయ్యారు. 1969లో ఏ కుర్చీని కదిలించలేకపోయారో ఆ కుర్చీలో తొమ్మిదేళ్లకు కూర్చున్నారు.

అదే సంవత్సరం ఆగస్టు 15న హైదరాబాద్ జిల్లా గ్రామీణ ప్రాంతాలతో కొత్త జిల్లా ఏర్పడింది. దానికి మేనమామ రంగారెడ్డి పేరు పెట్టారు. వికారాబాద్, తాండూరు ఆ జిల్లాలో చేరి 2016 అక్టోబరు 11న వికారాబాద్ జిల్లా అవతరించే దాకా అందులోనే ఉన్నాయి.

పదవి మాత్రం పదిలంగా సాగలేదు. పక్షం నిండా అసమ్మతి. ఒకనాడు తాను బ్రహ్మానందరెడ్డికి చేసినదే ఇప్పుడు తనకు ఎదురైంది. ఎమ్మెల్యేలు జట్లు జట్లుగా ఢిల్లీ రైలెక్కారు. 1980 లోక్‌సభ ఎన్నికల్లో 42 స్థానాలకు 41 గెలిపించినా ఆ అక్టోబరులో రాజీనామా చేయక తప్పలేదు. టి.అంజయ్య వచ్చారు. 1982లో చెన్నారెడ్డి పంజాబ్ గవర్నర్‌గా వెళ్లి ఏడాది తిరగకముందే తిరిగివచ్చారు. కొంతకాలం కాంగ్రెస్‌ను వీడి నేషనల్ డెమొక్రటిక్ పార్టీ నెలకొల్పారు. అది ఎదగలేదు. మళ్లీ పాత గూటికే చేరారు.

1989లో ఎన్టీ రామారావుపై పార్టీని నడిపించే భారం డెబ్బై ఏళ్ల చెన్నారెడ్డిపైనే పడింది. కాంగ్రెస్ 181 స్థానాలతో గెలిచింది. సనత్‌నగర్ నుంచి శాసనసభకు ఎన్నికైన ఆయన డిసెంబరు 3న రెండోసారి ముఖ్యమంత్రి అయ్యారు. ఈసారి ఏడాదే. 1990 డిసెంబరులో హైదరాబాద్ పాతబస్తీ మత కలహాలతో అట్టుడికింది. నగరం రోజుల తరబడి కర్ఫ్యూ నీడలో గడిపింది. కలహాల వెనుక సొంత పార్టీలోని ప్రత్యర్థులే ఉన్నారని ఆయన నిందించారు. అసమ్మతివాదులు ఆయన వైఫల్యమేనన్నారు. 17న పదవి వీడారు. ఎన్.జనార్దనరెడ్డి ఆ స్థానంలోకి వచ్చారు. వందలాది కుటుంబాలు ఆత్మీయులను, ఇళ్లను పోగొట్టుకున్న చోట పార్టీ తేల్చుకున్నది ముఖ్యమంత్రి ఎవరన్నదే.

ఆ పిమ్మట రాజస్థాన్, అక్కడి నుంచి 1993లో తమిళనాడు రాజ్‌భవన్‌కు వెళ్లారు. ముఖ్యమంత్రి జయలలితతో ఆయనకు క్షణం పొసగలేదు. 1995లో ఆమెపై అవినీతి కేసుకు అనుమతి మంజూరు చేసి మరోమారు దేశం దృష్టిని ఆకర్షించారు. గవర్నర్ పదవిలో ఉండగానే 1996 డిసెంబరు 2న హైదరాబాద్‌లో తుదిశ్వాస విడిచారు.

రాష్ట్ర ప్రభుత్వ అధికారులకు శిక్షణనిచ్చే జూబ్లీహిల్స్‌లోని మానవ వనరుల అభివృద్ధి సంస్థ ఆయన పేరుతో నడుస్తోంది. సమాధి హైదరాబాద్ ఇందిరా పార్కు వద్ద ఉంది. ఆ పార్కు పక్కనే ఉన్న ధర్నా చౌక్‌లో ఉద్యోగ సంఘాలు, నిరుద్యోగులు, విద్యార్థులు దశాబ్దాలుగా శిబిరాలు వేసుకుని కూర్చుంటున్నారు.